దేవదానం ఇంటి నీళ్లు

గండికోటకు పోయొచ్చినవాళ్లంతా ఫోన్లో ఫోటోలు చూపిస్తారు. ఇది లోయ, ఇది పెన్న, ఇది మేము అని. నేను ఆ లోయకు దగ్గరి దాకా పోయి, దాని పక్క ఊళ్లో రెండు రోజులు కూర్చుని, దాని మొహం చూడకుండా తిరిగొచ్చిన మనిషిని. "అంత దూరం పోయి చూడకుండా ఎట్లొచ్చినావే?" అని మా వదిన ఇప్పటికీ దెప్పుతుంది. నేను చూసింది వేరే ఉంది. అటు పోనివాళ్ల కోసం అదే రాస్తున్నాను.

కర్నూలు బస్టాండు

నాది కర్నూలు కోర్టులో స్టెనో పని. సాక్షి బోనులో నిలబడి చెప్పేదాన్ని జడ్జిగారు రాయించినట్టు టైపు కొట్టాల. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా నాలుక్కు ఒక మాట అతుక్కుపోయింది. సాక్షులు భయానికి తల ఊపుతారు. తల ఊపుడు కాగితం మీద పడదు. పైగా మన సీమలో తల అడ్డంగా ఊపితే "ఊఁ" అనా, "ఊహూఁ" అనా, బ్రహ్మకు కూడా తెలియదు. అందుకే "నోటితో చెప్పాలప్పా" అంటాను. అన్నంలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే మా ఆయన తల ఊపినా, ఇదే మాట అనేస్తాను. ఆయన దణ్ణం పెడతాడు.

ఈసారి డ్యూటీ జమ్మలమడుగు అవతల ఒక ఊళ్లో పడింది. అక్కడ దేవదానం అనే మనిషి మంచంలో ఉన్నాడు. వయసులో ఉన్నన్నాళ్లూ మా కర్నూలు వైపు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసినాడు. ఆ రాతి దుమ్ము పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. జబ్బు బయటపడినాక ఫ్యాక్టరీ ఓనరు "ఈ మనిషెవరో నాకు తెలీదు, మా దగ్గర పనే చేయలేదు" అన్నాడు. దేవదానం, ఆయన భార్య రాహేలమ్మ నష్టపరిహారానికి మా కోర్టులో దావా వేసినారు. వాయిదా వచ్చేసరికి మనిషి లేవలేని స్థితికి వచ్చినాడు.

అట్లాంటప్పుడు కోర్టు ఒక వకీలును కమిషనరుగా పెట్టి సాక్షి ఇంటికే పంపుతుంది. వెంట టైపు కొట్టడానికి నేను. సాక్షి తన మాట చెప్పాల, ఎదుటి వకీలు అడిగే ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పాల, రెండూ పూర్తి కావాల. మధ్యలో ప్రాణం పోయిందా, చెప్పిందంతా నీళ్ల మీద రాత. ఆ మనిషి పనిచేసినాడని చెప్పడానికి ఆ మనిషి తప్ప రాహేలమ్మకు వేరే సాక్ష్యం లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాల. ఈ ప్రయాణం ఖర్చు సర్కారుది కాదు. కమిషన్ కావాలని ఎవరు అడిగితే వాళ్లే ముందుగా కోర్టులో కట్టాల. నా బస్సు చార్జీ, లాడ్జి బాడుగ, నేను తినే ఇడ్లీ, అన్నీ రాహేలమ్మ కట్టిన దుడ్లలోనుంచే. నేను బిల్లు పెడితే ఆఫీసువాళ్లు దాన్ని నాలుగు తట్ల నుంచి చూసి, ఏదో ఒకటి కొట్టేసి, మిగతాది ఇస్తారు.

కమిషనరు ఖాజా సార్. అరవై దాటిన వకీలు, సన్నగా, నిట్టనిలువుగా ఉంటాడు. రంజాన్ నెల, ఆయనకు రోజా, ఉపవాసం. పొద్దున్నే బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జి ప్లేటు పట్టుకుని నేను తింటుంటే ఆయన పక్కనే నిలబడి మాట్లాడినాడు.

"సుగుణమ్మా, ఒకటే మాట. ఆ ఇంట్లో చుక్క నీళ్లు కూడా ముట్టొద్దు."

"నాకు తెలుసు సార్."

"తెలుసు గానీ మళ్లా చెప్తాండా. ఎదుటి వకీలు మన తప్పు కోసమే కాచుకోనుంటాడు. కమిషన్‌కు ఆ ఇంట్లో మర్యాదలు జరిగినాయి అని ఒక్క అర్జీ పడితే సాలు, దేవదానం చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరు."

తల ఊపినాను. ఆయన నవ్వి "నోటితో చెప్పమ్మా" అన్నాడు. ఆ ప్రయాణంలో మేము నవ్వింది అక్కడే అనుకుంటా.

కోయిలకుంట్ల దాటినాక

నంద్యాలలో బస్సు మారినాము. నల్లరేగడి చేలల్లో శెనగ కోత అయిపోయి, నేల నోరు తెరుచుకుని ఉంది. ఎదురుగా బండల లారీలు వస్తుంటే కిటికీ మూసేదాన్ని. మూస్తే ఉక్క, తీస్తే దుమ్ము. మామూలు రోజుల్లో దుమ్మంటే చీర పాడవుతుందని విసుక్కునేదాన్ని. ఆ రోజు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దేవదానం ఎన్ని ఏండ్లు పీల్చినాడో అనుకున్నాను.

కోయిలకుంట్లలో ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూలబడింది. కూర్చోవడమే ఆలస్యం, మూట విప్పింది. బొరుగులు, వేయించిన శెనక్కాయలు, ఉల్లిగడ్డ ముక్కలు.

"తినమ్మా, యాడికి పోతాండావు?"

"జమ్మలమడుక్కి అవ్వా."

"సుట్టాలా?"

"కోర్టు పని."

"అయ్యో తల్లా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. "మంచిదాని మాదిరి ఉండావే!"

నేను ముద్దాయిననుకుంది పాపం. కాదు, ఉద్యోగమని చెప్పినా నమ్మినట్టు లేదు. ఇంకో గుప్పెడు బొరుగులు ఎక్కువ పెట్టింది. తిన్నాను. ఆమెది ఏ ఊరు, ఎవరింటి మనిషి, ఆ మూట ఏ పొయ్యి మీదిది, ఏమీ అడగలేదు. బస్సులో పక్క సీటు మనిషి పెడితే తినడమే మన ఆచారం. చెంబులో నీళ్లు కూడా ఎత్తిపోసుకుని తాగినాను.

వెనక సీట్లో బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు వీపున మూటలంత సంచులతో ఉన్నారు. "ఆంటీ, మీరూ గండికోటకేనా?" అని అడిగినారు. ఆ దిక్కే అన్నాను. సూర్యోదయం అక్కడ భలే ఉంటుందంట. వాళ్లు చెప్తుంటే నాకు నిజంగానే ఆశ పుట్టింది. పని తొందరగా అయిపోతే ఖాజా సార్‌ను అడుగుదాం అనుకున్నాను. నా మొహం, ఎక్కడి పని, ఎక్కడి తొందర!

జమ్మలమడుగు

సాయంత్రం మసీదు దగ్గర ఖాజా సార్ ఉపవాసం విడిచినాడు. నేను గేటు బయట నిలబడి ఉంటే, ఎవరో పెద్దాయన స్టీలు గిన్నెలో గంజి తెచ్చిచ్చినాడు. బియ్యం, పెసరపప్పు, అల్లం, పుదీనా వేసి జావ మాదిరి కాచింది. "తాగమ్మా, నిలబడి ఉండావు" అన్నాడు. కర్నూల్లో మా వీధి మసీదు గంజి కన్నా ఇది చిక్కన, కారం ఎక్కువ. గిన్నె నాకి పెట్టేదాన్నే, రోడ్డని ఆగినాను.

తర్వాత లాడ్జి పక్క మెస్సులో సంగటి. ముద్ద, పప్పు, శెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి, అన్నీ కలిపి అరవై రూపాయలు. మా దిక్కు జొన్న రొట్టెకు ఎంత పేరో, ఇక్కడ రాగి సంగటికి అంత. వేడి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసి ఇచ్చింది మెస్సు ఆమె. తినేసి బిల్లు అడిగినాను.

"బిల్లా? దుడ్డిచ్చినావు, తిన్యావు, ఇంకేం బిల్లు?"

"ఆఫీసులో పెట్టాలమ్మా. లేకుంటే తిన్నట్టు నమ్మరు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నీ కడుపు సూపీ. నమ్ముతారు" అనింది.

క్యాలెండరు చింపి వెనక ఏదో గీసి ఇచ్చింది. మా ఆఫీసులో అది చెల్లదని నాకు తెలుసు. మా లెక్కలో బిల్లు లేని కూడు తినని కూడే. అయినా మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

పెన్న గట్టు ఊరు

పొద్దున ఆటోలో పోయినాము. ఊరి చివర చర్చి, చర్చి పక్కన వరసగా కాలనీ ఇళ్లు. మొదటిదే దేవదానంది. వసారాలో నులక మంచం, మంచం పక్కన ఊపిరి పోసే మిషను. చర్చివాళ్లు బాడుగ కట్టి పెట్టించినారంట. మనిషి యాభై కూడా దాటలేదు. భుజాల ఎముకలు చొక్కాను ఎత్తి పట్టుకుని ఉన్నాయి.

ఫ్యాక్టరీ తరఫు వకీలు అప్పటికే కారులో వచ్చి ఉన్నాడు. చల్లని కారు, వెంట గుమాస్తా, డిక్కీలో పెరుగన్నం క్యారియరు. ఆయన ఖర్చు ఓనరుది. ఆయన బిల్లును ఎవరూ నాలుగు తట్ల నుంచి చూడరు.

మేము కూర్చున్నామో లేదో రాహేలమ్మ ట్రేలో రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. సన్నటి మనిషి, చీర ఉతికి ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. గ్లాసులు కొత్తవి. అడుగున అంటించిన ధర కాగితం సగం చిరిగి ఇంకా అట్లే ఉంది. ఖాజా సార్ చెయ్యి గుండెకు ఆనించి "రోజా అమ్మా" అన్నాడు.

"అవునవును, తెలుసు సామీ" అని ఆమె నా దిక్కు తిరిగింది. "నువ్వు తాగమ్మా. ఎండలో వచ్చిండావు."

"వద్దమ్మా."

"సల్లగా ఉండాయి. కడవలోటివి."

"వద్దు తల్లీ. కోర్టు రూలు."

ఆమె ట్రే పట్టుకుని అట్లే నిలబడింది. "సాయిబు గారికి రోజా. నీకేమమ్మా?"

గట్టిగా అడగలేదు. అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఖాజా సార్ కల్పించుకుని రూలు సంగతి రెండు ముక్కల్లో చెప్పినాడు. ఆమె వినింది. "అట్లనా" అనింది. నమ్మలేదని నాకు అర్థమైంది. ఎట్లా నమ్ముతుంది? మా ఊళ్లో మా అవ్వ పశువుల కొట్టం దూలం మీద వేరే గ్లాసులు బోర్లించి పెట్టేది, కూలికొచ్చిన చర్చివాళ్ల కోసం. నేను చిన్నప్పుడు అవి చూసినాను. రాహేలమ్మ అట్లాంటి గ్లాసుల్లోనే తాగి పెరిగి ఉంటుంది. నా మొహం చూసి, నా ఇంటిపేరు విని, నేను ఏ ఇంటి మనిషినో ఆమెకు తెలిసిపోయింది. ఇక నేను రూలు అంటే ఏం, రాజ్యాంగం అంటే ఏం?

నా గ్లాసు వెనక్కి తీసుకుపోలేదు. నా ల్యాప్‌టాప్ పెట్టిన స్టూలు మీద, నా మోచేతి పక్కనే పెట్టి లోపలికి పోయింది. గుమాస్తా ఫోను తీసి చుట్టూ ఫోటోలు కొడుతుండినాడు. మంచం, మిషను, మేము. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

ప్రమాణం అయింది. బైబిలు మీద చెయ్యేసి దేవదానం తన మాట చెప్పినాడు. రెండు మాటలు, ఒక ఊపిరి. మూడు మాటలు, దగ్గు. ఖాజా సార్ ఓపికగా కాచుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు నాతో రాయించినాడు. ఏ ఫ్యాక్టరీ, ఏ పని, మూతికి గుడ్డ కట్టుకుని పాలిష్ పట్టడం, సాయంత్రానికి గుడ్డ లోపల కూడా తెల్లగా ఉండటం.

మధ్యలో నా ల్యాప్‌టాప్ చార్జింగు అయిపోయింది. ఇంట్లో ఒకటే ప్లగ్గు. నేను వైరు చేతిలో పట్టుకుని చూస్తుంటే రాహేలమ్మ వచ్చి తీసుకుపోయి పెట్టింది. నేను వంచిన తల ఎత్తకుండా కొడుతున్నాను. కాసేపటికి మంచం దిక్కు నుంచి గరగరమని శబ్దం. చూస్తే మిషను ఆగిపోయి ఉంది. దాని ప్లగ్గు తీసి నాది పెట్టింది!

"అయ్యో, ఏం పని చేస్తివమ్మా!" అని అరిచి నా వైరు పీకేసినాను.

దేవదానం చెయ్యెత్తి ఆపబోయినాడు. "కానీ... మ్మా. రాసుకో..." అన్నాడు. ఆయనకు ఊపిరి కన్నా నా టైపు ముఖ్యమైపోయింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. పక్కన చర్చిలోనుంచి పొడుగు వైరు లాక్కొచ్చి ఆ పని ముగించినాము.

మధ్యాహ్నం ఆపినాము. ఆ ఊళ్లో హోటల్ లేదు. వకీలు కారులో క్యారియరు విప్పినాడు. ఖాజా సార్ నమాజుకు చెట్టు నీడకు పోయినాడు. నేను చర్చి గోడ నీడన కూర్చుని జమ్మలమడుగులో కొన్న బిస్కెట్లు తిని, సీసాలో నీళ్లు తాగినాను. ఎండకు కాగి, ప్లాస్టిక్ వాసన కొడుతుండినాయి. తల ఎత్తితే గుమ్మంలో రాహేలమ్మ. సీసా నా మూతి దగ్గర ఉంది.

ఆమె మెల్లగా దగ్గరకొచ్చింది. "మీ కర్సుకు రెండు మ్యాకలమ్మితిమమ్మా" అనింది, కోపం లేకుండా, వానల సంగతి చెప్పినట్టు. "ఆ బిస్కెట్లు గూడా మావే గదా. తిను, తిను."

మిగిలిన బిస్కెట్లు పొట్లంలో మడిచినాను. ఆమె కడవ నీళ్లు తాగకూడదు, ఆమె మేకల దుడ్లతో నీళ్ల సీసా కొనుక్కోవచ్చు. ఏ మహానుభావుడు రాసినాడో గానీ రూలంటే రూలే. ఆ నిమిషాన ఆ మనిషి దొరికితే నాలుగు దులిపేదాన్ని.

మధ్యాహ్నం నుంచి ఎదురు ప్రశ్నలు. వకీలు చెడ్డగా అరిచే రకం కాదు. మెత్తగా, ఒక్కటే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగే రకం. "నువ్వు ఆ ఫ్యాక్టరీలో పనే చేయలేదంటాను, ఏమంటావు?" "నీ జబ్బు బీడీల వల్ల వచ్చిందంటాను, ఏమంటావు?" దేవదానం తల అడ్డంగా ఊపినాడు.

"నోటితో చెప్పాలప్పా" అన్నాను. అలవాటు. నా నోటికి తాళం పడను.

ఆయన నా దిక్కు చూసినాడు. చాలాసేపు కూడదీసుకుని "కాదు" అన్నాడు.

ఖాజా సార్ "సాక్షి తల ఊపినాడని రాద్దాం" అంటే వకీలు ఒప్పుకోలేదు. "మన దిక్కు ఆ ఊపుడుకు అవుననే అర్థం సార్. రేపు కోర్టులో నేను అదే అంటాను" అన్నాడు. అబద్ధం కాదు కదా, ఏం చేస్తాం? ప్రతి కాదుకూ ఒక ఊపిరి ఖర్చు. ఎక్కడ ఆగిపోతాడోనని మా అందరి ప్రాణం గొంతులో ఉంది, వకీలుకు తప్ప. సాయంత్రానికి మనిషి కళ్లు మూతలు పడినాయి. మిగతాది రేపు అన్నారు. రేపు ఉంటాడా అని ఎవరూ పైకి అనలేదు.

మళ్లా అదే గుమ్మం

తెల్లారి ఆటో ఆ వీధి మలుపు తిరుగుతుంటే నా చూపంతా ఆ ఇంటి ముందర జనం ఉన్నారా అనే. లేరు. మిషను శబ్దం వినిపించింది. ఖాజా సార్ "అల్‌హమ్‌దులిల్లా" అన్నాడు. నేనూ లోపల వేంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రోజు రాహేలమ్మ నీళ్లు తేలేదు. ట్రే గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. నాకు అది ఇంకా కష్టమనిపించింది.

ప్రశ్నలు మళ్లా మొదలు. దేవదానం ఒక ఉపాయం చేసినాడు. తల ఊపడం మానేసినాడు. కళ్లు మూసుకుని ప్రశ్న విని, చివర్న ఒక్క మాట వదిలేవాడు. "కాదు." మళ్లా కళ్లు మూసుకునేవాడు. నాకు చెప్పే పని లేకుండా చేసినాడు. చివరి ప్రశ్న "నువ్వు చెప్పిందంతా దుడ్ల కోసం ఆడే అబద్ధం అంటాను." కళ్లు తెరిచి వకీలును చూసినాడు. "సచ్చేటోనికి... దుడ్లు ఏంటికి... కాదు" అన్నాడు. అన్నది అన్నట్టే ఎక్కించమన్నాడు ఖాజా సార్. మూడు చుక్కలూ నేను పెట్టలేదు. కాగితం మీద అది ఒకే వాక్యంగా పడింది.

చర్చిలో ప్రింటు తీసి తెచ్చి, మొదట్నుంచి చదివి వినిపించినాను. సరేనన్నాడు, నోటితోనే. ప్రతి కాగితం కింద సంతకం పెట్టినాడు. రాహేలమ్మ వీపు వెనక చెయ్యేసి కూర్చోబెట్టింది.

"అయిపాయనా?" అని అడిగినాడు.

"అయిపోయిందప్పా. మొత్తం అయిపోయింది."

"అట్లయితే..." ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు తాగుతావా... నీల్లు?"

రాహేలమ్మ కదల్లేదు. నేను ఖాజా సార్ దిక్కు చూసినాను. గేటు దగ్గర కారు ఇంకా స్టార్ట్ కాలేదు. వకీలు, గుమాస్తా ఇటే చూస్తుండినారు. రిపోర్టు ఇంకా కోర్టులో వేయలేదు. ఖాజా సార్ నేల దిక్కు చూస్తూ వద్దన్నట్టు వేలు కదిలించినాడు.

"మళ్లా వచ్చినప్పుడు తాగుతానప్పా" అన్నాను.

మళ్లా ఏమిటి, ఎప్పుడు? ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన తల ఊపినాడు. నోటితో చెప్పమని నేను అనలేదు.

తిరుగు దారి

గండికోట బోర్డు దగ్గర ఆటోవాడు "సూసిపోతారా సార్, సాయంత్రం బాగుంటాది" అన్నాడు. వద్దు పోనీ అన్నాను, ఖాజా సార్ కన్నా ముందే. బస్సులో సంజామల దగ్గర పొద్దుగుంకింది. ఆయన జేబులోనుంచి ఖర్జూరాలు తీసి, ఒకటి నాకిచ్చి, ఒకటి తను నోట్లో వేసుకున్నాడు. ఇద్దరం నమిలినాము.

బిల్లులో నా తిండి ఖర్చు రాయలేదు. మేక చెవి ముక్కన్నా వాళ్లకు మిగులుతుందని నా ఆశ. మా కోర్టు సెక్షన్లో గుమాస్తా నవ్వినాడు. "మేడమ్, మిగిలిన సొమ్ము ఊరికే వాపసు పోదు. దానికి వాళ్లు వకీలుతో పిటిషన్ వేయించాల. ఆ ఫీజు దీనికన్నా ఎక్కువ." ఇదిగో, నా ధర్మం ఇంతే, ఎవరికీ అక్కరకు రాకుండా కోర్టు ఖాతాలో పడి ఉంది.

రంజాన్ పండగ ఇంకా రాకముందే దేవదానం పోయినాడని తెలిసింది. మూడో రోజు చర్చివాళ్ల ఆదరణ కూడిక, భోజనాలు ఉన్నాయని కూడా తెలిసింది. పోవాలనుకున్నాను, నా దుడ్లతో, డ్యూటీ కాకుండా. చీర కూడా తీసి పెట్టుకున్నాను. ఆ ముందు రోజే ఫ్యాక్టరీవాళ్ల ఆక్షేపణ అర్జీ పడింది. కమిషన్ సిబ్బంది వాది ఇంట్లో అతిథి మర్యాదలు పొందినారు, కాబట్టి ఆ వాంగ్మూలం చెల్లదు, కొట్టేయాల. దానికి సాక్ష్యంగా ఒక ఫోటో. నేను టైపు కొడుతున్నాను. నా మోచేతి పక్కన గ్లాసు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలూ తాగలేదు, కల్లూ తాగలేదు. ఎండిన నోటితో కూర్చున్నాను. చీర మళ్లా బీరువాలో పెట్టేసినాను.

కర్నూలు, కోర్టు హాలు

నా యాత్ర అసలు ముగిసింది ఇక్కడ, రోజూ నేను కూర్చునే హాల్లోనే. ఆ రోజు నా కుర్చీలో ఇంకో స్టెనో కూర్చుంది. నేను బోనెక్కినాను. ఖాజా సార్‌ను అడగడం అయిపోయింది. ఆయన రోజా సంగతి అందరికీ తెలిసిందే. ఇక నేనే. వెనక బెంచీలో రాహేలమ్మ, తెల్లచీరలో. ఈ అర్జీ నెగ్గితే ఆమె మొగుడు ఊపిరి పెట్టి చెప్పిన కాదులన్నీ చెత్తబుట్టలోకే. ఆ మాటలు మళ్లా చెప్పడానికి మనిషి లేడు.

వకీలు ఫోటో చూపించినాడు. "మీరేనా?"

"నేనే."

"ఈ గ్లాసు?"

"వాళ్లు ఇచ్చినారు."

"మార్చి ఎండ. దాహం కాలేదా?"

"అయింది."

"అయినా ఆ ఇంట్లో నీళ్లు తాగలేదంటారు."

నేను తల అడ్డంగా ఊపినాను. వెనక బెంచీ దిక్కు చూడకుండా ఎంత చేసినా నా కన్ను అటే పోయింది.

జడ్జిగారు కాగితాల మీదనుంచి తల ఎత్తినారు. "నోటితో చెప్పండమ్మా. మీకు నేను చెప్పాల్నా?"

నా కుర్చీలో కూర్చున్న పిల్ల వేళ్లు ఆపి నా కోసం కాచుకుంది.

"తాగలేదు. ఆ ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"రూలు కోసమే ముట్టలేదా, ఇంకేమన్నా కారణం ఉండాదా?" అన్నాడు వకీలు, పెదవి చివర నవ్వుతూ. జడ్జిగారు ఆ ప్రశ్న వద్దన్నారు. జవాబు చెప్పే అవకాశం కూడా నాకు లేకపోయింది. ముట్టలేదన్న మాట మాత్రం టైపు అయిపోయింది. ఆ పిల్ల వేగం నాకన్నా ఎక్కువే.

ఆక్షేపణ కొట్టేసినారు. దేవదానం వాంగ్మూలం నిలబడింది.

వరండాలో రాహేలమ్మ సంచి సర్దుకుంటుండింది. పోయి ఎదురుగా నిలబడినాను. ఏం చెప్పాలో తెలియక "రామ్మా, ఎదురుగా టీ తాగుదాం" అన్నాను.

ఆమె చుట్టూ చూసింది. "వద్దమ్మా. కేసింకా అయిపోలా. ఎవురన్నా పోటో తీస్తారు."

నిజమే. నాకు తట్టనే లేదు.

"నేను రూలు కోసమే తాగలేదు రాహేలమ్మా" అన్నాను.

"ఏమో తల్లా, అయ్యుండొచ్చు" అనింది. నా చెయ్యి పట్టుకుని, వదిలేసింది. "మాయత్త సచ్చేదాకా ఒకటే ఏడ్పు. పెద్దిండ్లోల్లు మన ఇంట్లో నీల్లు తాగరే అని. ఆ తాగని నీల్లే ఈ పొద్దు మాకు కూడు పెట్టె, సూడు."

కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలోకి దిగి, బస్టాండు దిక్కు పోయింది.